తుపాను రోజున పనికొచ్చే రేడియో: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఉదయగిరి మండలంలో మాకు అయిదెకరాల బత్తాయి తోట ఉంది. తోటలోనే చిన్న డాబా ఇల్లు కట్టుకుని, కరెంటు కనెక్షన్ తీసుకోకుండా సోలార్ మీదే కాపురం చెయ్యాలని నేనూ నా భార్యా అనుకుంటున్నాం. గట్టి తుపాను వస్తే సెల్‌ఫోన్లు మూగబోతాయి, నెల్లూరులో ఉన్న మా అబ్బాయి క్షేమం తెలిసే దారి ఉండదు. హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని ఎవరికి వారు నడుపుకునే రేడియో, ఉంటే ఆ చింత తీరుతుందని విన్నాను. ఏ సెట్టు కొనాలి, ఎన్ని ప్యానెళ్లు పెట్టాలి? (ఒక రైతు, ఉదయగిరి)

జవాబు: సెట్టు కొనడం ఈ పనిలో చివరి మెట్టు. మొదటిది లైసెన్సు, అది మీ ఒక్కరికే ఉంటే చాలదు. అవతల నెల్లూరులో జవాబు చెప్పే మనిషికీ ఉండాలి. కనుక తండ్రీ కొడుకులు ఇద్దరూ కలిసి పరీక్షకు కూర్చోవడం మంచిది. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఈ పరీక్ష నిర్వహించి లైసెన్సు ఇస్తుంది, దరఖాస్తు ‘సరళ్ సంచార్’ పోర్టల్‌లో పెట్టుకోవాలి. నెల్లూరు జిల్లా వారికి చెన్నైలోని వైర్‌లెస్ మానిటరింగ్ స్టేషన్ దగ్గర. పరీక్ష అయ్యాక లైసెన్సు చేతికి రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు కాబట్టి, ఇల్లు లేచేదాకా ఆగకుండా ఈ వేసవిలోనే మొదలుపెట్టండి.

ఈలోగా వినడం అలవాటు చేసుకోండి. ఎక్కడెక్కడో హామ్‌లు (ఈ రేడియో నడిపేవాళ్లు) ఇంటర్నెట్‌కు కలిపి ఉంచిన రిసీవర్లు చాలా ఉన్నాయి, వాటిని ఫోనులోనే తెరిచి వినవచ్చు. పొద్దున్నే 7 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో మన దేశపు హామ్‌లు ఒకరినొకరు పలకరించుకోవడం, మధ్యలో గరగర వచ్చినప్పుడు మాటను ఎలా తిరిగి చెబుతారో, కాల్‌సైన్‌ను (లైసెన్సుతో వచ్చే పిలుపు పేరును) అక్షరం అక్షరంగా ఎలా పలుకుతారో కొన్ని వారాలు విన్నవారికి పరీక్ష పుస్తకం సగం అర్థమైపోతుంది.

ఇక మీ అసలు అవసరం. బజారులో దొరికే చేతి సెట్లు 144–146 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. ఈ తరంగాలు దాదాపు చూపు మేరకే పోతాయి. ఇరువైపులా యాంటెన్నాలు 12 మీటర్ల ఎత్తున ఉన్నా, చదునైన నేల మీద లెక్క ప్రకారం అందేది 28 కిలోమీటర్లే. ఉదయగిరి కొండల నడుమ నుంచి నెల్లూరు దాకా ఆ సెట్టుతో, మధ్యలో రిపీటరు (మాటను అందుకుని తిరిగి ప్రసారం చేసే స్టేషను) లేకుండా, మాట చేరదు. మీకు కావలసింది 40 మీటర్ల బ్యాండు, అంటే 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్. తీగను నేలకు మరీ ఎత్తుగా కాకుండా కడితే తరంగం నిట్టనిలువుగా పైకి పోయి, ఆకాశంలో చాలా ఎత్తున ఉండే అయనోస్ఫియరు అనే పొరను తాకి, చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర గొడుగులా దిగుతుంది. కొండ అడ్డమున్నా ఫరవాలేదు. పగటి పూట ఇది బాగా పనిచేస్తుంది. రాత్రయ్యేసరికి 40 మీటర్ల బ్యాండు దగ్గరి ఊళ్లను దాటి దూరదేశాలకు పోతుంది కనుక, అబ్బాయితో మాట్లాడే వేళను ఉదయానికో మధ్యాహ్నానికో పెట్టుకోండి.

ఈ యాంటెన్నాను కొననక్కరలేదు. 143ను మెగాహెర్ట్జ్‌లోని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే మీటర్లలో మొత్తం పొడవు వస్తుంది. 7.1కి సుమారు 20.1 మీటర్లు, అంటే పక్కకు పది మీటర్ల చొప్పున రెండు తీగలు. ఇంటి వైరింగుకు వాడే రాగి తీగ చాలు. ఒక్కో పక్క అర మీటరు ఎక్కువగానే కోసుకుని, మధ్యభాగాన్ని ఎనిమిది మీటర్ల వెదురు గడకో ఇనుప పైపుకో కట్టి, రెండు కొసలను వాలుగా దించి, నైలాను తాడుతో చెట్లకు లాగి కట్టండి. యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీకి కుదిరిందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పెట్టి చూస్తే ముల్లు తక్కువ చూపే చోటు మొదట 7.1కి దిగువన కనిపిస్తుంది. ఆపైన రెండు కొసలనూ సమానంగా, ఒక్కోసారి నాలుగైదు వేళ్ల వెడల్పు మాత్రమే కత్తిరిస్తూ, ప్రతిసారీ మళ్లీ కొలుస్తూ పైకి తీసుకురావాలి. తొందరపడి ఒకేసారి మూరెడు కోసేస్తే తీగను మళ్లీ అతకాల్సి వస్తుంది. ప్రసారం చేసేటప్పుడు కొసల దగ్గర వోల్టేజీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి మనుషులకూ గేదెలకూ అందని ఎత్తులో కట్టండి. తోట మీదుగా 11 కేవీ లైను పోతుంటే, గడ విరిగి పడినా లైనును తాకనంత దూరంలో పాతడం తప్పనిసరి. ఉరుములు మొదలైతే యాంటెన్నా నుంచి వచ్చే కేబులును సెట్టు నుంచి ఊడదీసి ఇంటి బయట పెట్టాలి.

సోలార్ విషయంలో ముందు వాడకం లెక్క వెయ్యండి. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు అయిదు గంటలు వెలిగితే 180 వాట్‌అవర్లు. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, ఒక్కోటి 30 వాట్లు, పది గంటలకు 600. ఫోన్లకు 40, రేడియోకు 80. మొత్తం 900. మన ఎండకు 300 వాట్ల ప్యానెలుతో సరిపోతుంది కానీ మబ్బు రోజుల కోసం 400 పెట్టుకోండి. 12 వోల్టుల 150 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో 1,800 వాట్‌అవర్లు ఉన్నా, సగానికి మించి వాడితే త్వరగా చెడుతుంది, అంటే చేతికొచ్చేది ఒక రోజు వాడకమే. తుపాను గాలిలో ఫ్యాను అక్కరలేదు. ఫ్యాన్లు తీసేస్తే రోజుకు 300 చాలు, ప్యానెలు ఏమీ ఇవ్వకపోయినా అదే బ్యాటరీ మూడు రోజులు నిలబడుతుంది.

బోరు మోటారును ఈ లెక్కలో కలపకండి. దానికి ప్యానెళ్లు వేరు. విడిగా పనిచేసే సోలార్ పంపులకు పీఎం కుసుమ్ పథకం ఉంది. పగలు ఎండలో ఎత్తైన తొట్టెలోకి నీరు ఎక్కించుకుంటే రాత్రి నీటికి బ్యాటరీ పనే ఉండదు. పీఎం సూర్యఘర్ సబ్సిడీ మాత్రం గ్రిడ్డుకు కలిపిన ఇళ్లకే, దాన్ని నమ్ముకుని లెక్క వెయ్యవద్దు. డాబా మీది వాననీటిని కూడా వదులుకోకండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు, కాబట్టి వంద చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన అయిదు వేల లీటర్లు.

సోలార్ ఇల్లు కట్టుకున్న హామ్‌లను ఎక్కువగా విసిగించేది, ప్యానెలు నుంచి బ్యాటరీకి పోయే కరెంటును అదుపు చేసే ఛార్జ్ కంట్రోలరూ, ఇన్వర్టరూ రేడియోలో కలిగించే రొద. సెట్టును ఇన్వర్టరు మీద కాక, ఫ్యూజు పెట్టి నేరుగా 12 వోల్టుల బ్యాటరీకి కలపండి. 7 మెగాహెర్ట్జ్ వింటూ ఇన్వర్టరునూ కంట్రోలరునూ ఒక్కొక్కటిగా ఆపి చూస్తే రొద ఎక్కడిదో వెంటనే తెలుస్తుంది. ఆ తీగలకు రొదను అణిచే ఫెరైటు రింగులు తొడిగి, యాంటెన్నాను ప్యానెళ్లకు వీలైనంత దూరంగా కట్టండి.

ప్రశ్న: నేను కావలిలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. నాకు హామ్ లైసెన్సు ఇస్తారా? (ఒక విద్యార్థిని)

జవాబు: తప్పకుండా ఇస్తారమ్మా. పన్నెండేళ్లు నిండితే చాలు. లైసెన్సులో మొదటి మెట్టయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ (చిన్న, పెద్ద శబ్దాలతో అక్షరాలు పంపే పద్ధతి) అక్కరలేదు, రేడియో సిద్ధాంతమూ నిబంధనలూ చదివితే సరిపోతుంది; కాల్‌సైన్ వీయూ3తో మొదలవుతుంది. జనరల్ గ్రేడుకు నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ రావాలి, దాని కాల్‌సైన్ వీయూ2తో మొదలవుతుంది. మోర్స్‌ను చుక్కలూ గీతలుగా కాగితం మీద బట్టీపట్టకుండా, చెవితో, పాటలాగా నేర్చుకో. హైదరాబాదులో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీప్రసాద్ గారు 2004 డిసెంబరులో పోర్ట్‌బ్లెయిర్‌లో రేడియో నడుపుతూ ఉండగానే సునామీ వచ్చింది. ఫోన్లు తెగిపోయిన ఆ రోజుల్లో అండమాన్ వాసుల క్షేమ సమాచారాన్ని ఆమె బృందమే బయటి బంధువులకు చేరవేసింది. నీ వయసులో మొదలుపెట్టినవారికి అలాంటి రోజున చెయ్యి వణకదు.

ప్రశ్న: కొత్తపట్నం దగ్గర మా పడవలు వేటకు పోతాయి. ఆన్‌లైనులో కొన్న వాకీటాకీలతో పడవల మధ్య మాట్లాడుకోవచ్చా? (ఒక మత్స్యకారుడు)

జవాబు: ఆ సెట్టు ఏ ఫ్రీక్వెన్సీ మీద పనిచేస్తుందో ముందు చూడండి. 446.0–446.2 మెగాహెర్ట్జ్ మీద తక్కువ శక్తితో పనిచేసే ఆమోదిత సెట్లకు 2018 నుంచి లైసెన్సు అవసరం లేదు. అంతకు మించి ఏ ఫ్రీక్వెన్సీకైనా తిప్పుకోగల సెట్టును లైసెన్సు లేకుండా వాడితే చట్టరీత్యా నేరం. హామ్ లైసెన్సు తీసుకున్నా కుదరదు, ఎందుకంటే అది వ్యాపారానికి వాడరాదు, మీ వేట జీవనోపాధి. ఆమోదిత చిన్న సెట్లు దగ్గర దగ్గరగా సాగే పడవలకు పనికొస్తాయి గానీ, ఆపదలో ఒడ్డుకు వినిపించవు. దానికి సముద్రంలో పడవల కోసమే చేసిన మెరైన్ వీహెచ్‌ఎఫ్ సెట్టు కావాలి. అందులో 16వ ఛానెల్, అంటే 156.8 మెగాహెర్ట్జ్, ఆపద కబురు కోసం ప్రపంచమంతటా కేటాయించినది. ఇస్రో రూపొందించిన ఆపద హెచ్చరిక ట్రాన్స్‌మిటరు గురించి మీ మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి, అది ఉపగ్రహం ద్వారా పడవ ఉన్న చోటును తీర రక్షక దళానికి తెలియజేస్తుంది. ఒడ్డున ఉన్న ఇంటివాళ్లకు మాత్రం ఆ దళం వారి టోల్‌ఫ్రీ నంబరు 1554 రాసి ఇచ్చి, పడవ బయలుదేరే ముందు ఎటు పోతున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో చెప్పి వెళ్లండి.