సిల్వియా గురించి రాస్తున్న చిరంజీవికి

అమ్మా, ఆశీస్సులు.

సిల్వియా అనే గ్రహశకలం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1866 మే 16న మద్రాసు నుంగంబాకం వేధశాలలో ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ పాగ్సన్ కంటపడిన ఆ శకలం గురించి తెలుగులో రాయాలని నీకు తోచినందుకే సంతోషం. ఆ వేధశాల రాతి స్తంభం మీద తెలుగు శాసనం కూడా ఉంది, తెలుసా?

పాగ్సన్ గొప్పవాడని పదేపదే అన్నావు. ఆ మాట తీసేసి, ఆయన ఏం చేశాడో రాయి. గ్రహశకలాల్ని ఫొటోలతో వెతకని రోజులవి. నక్షత్ర పటం దగ్గర పెట్టుకుని, అందులో లేని చుక్క ఏదైనా ఉందా, మర్నాటికి అది చోటు మారిందా అని కంటితోనే చూడాలి. అది చదివితే ఆయన ఓపిక పాఠకుడికే తెలిసిపోతుంది.

మొదటి పేరాలోనే అంకెలన్నీ కుమ్మరించావు: సిల్వియా అడ్డుకొలత సుమారు 270 కిలోమీటర్లు, సూర్యుడి చుట్టూ తిరగడానికి ఆరున్నరేళ్లు, తన చుట్టూ తాను తిరగడానికి 5 గంటల 11 నిమిషాలు. అన్నీ సరైనవే. కానీ అక్కడికి వెళ్లి కొలిచినవాళ్లు లేరు కదా, మరి ఎలా తెలిశాయి? సిల్వియా కోలగా ఉంటుంది. తిరుగుతుంటే ఓసారి వెడల్పు వైపు, ఓసారి సన్నటి వైపు మనకు కనబడి వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. దాన్నిబట్టే ఆ 5 గంటల లెక్క.

సిల్వియా చుట్టూ తిరిగే రెండు చందమామల్ని మాత్రం చివర్లో ఒక్క వాక్యంతో సరిపెట్టేశావు. నా దృష్టిలో వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది. 2001లో హవాయిలోని కెక్ టెలిస్కోపుతో రోములస్, 2004లో చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుతో రెమస్ దొరికాయి. రోములస్ దాదాపు 1,360 కిలోమీటర్ల దూరంలో మూడున్నర రోజులకు కాస్త పైగా సమయంలో ఓ చుట్టు తిరుగుతుంది. ఆ దూరం, ఆ సమయం తెలిస్తే సిల్వియా ద్రవ్యరాశి తేలుతుంది. దాన్ని ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చే సాంద్రత నీటికన్నా కొంచెమే ఎక్కువ! అంత పెద్ద శకలం ఒకే గట్టి బండ అయితే ఇంత తేలిగ్గా ఉండదు. ఎప్పుడో ఢీకొని బద్దలైన శకలం ముక్కలు మళ్లీ కూడుకున్న కుప్ప కావచ్చు అది, లోపల బోలెడంత ఖాళీతో. ఆ దెబ్బకు చెదిరిన ముక్కలే ఈ చందమామలు కావచ్చని శాస్త్రవేత్తలు అంటున్నారు.

పేరు సంగతి కూడా చేర్చు. రోమన్ పురాణంలో కవలలను కన్న తల్లి రియా సిల్వియా పేరు పాగ్సన్ పెట్టాడు. చందమామలు దొరికాక ఆ కవలల పేర్లే వాటికి పెట్టారు.

కుజుడికీ గురుడికీ మధ్య ఉన్న గ్రహశకలాల పట్టీ రాళ్లతో కిక్కిరిసి ఉంటుందన్న వాక్యం కొట్టెయ్. సినిమాల్లోనే అలా ఉంటుంది. నిజానికి వాటి మధ్య లక్షల కిలోమీటర్ల ఎడం.

రోములస్‌తో మొదలుపెట్టి తిరగరాసి పంపు. అందగానే చదివి జవాబు రాస్తాను.