మగ్గాల ఇళ్ళ కోసం మొదటి వైడ్ లెన్స్ కొంటున్న మా చిన్నికి

చిన్నీ,

నీ మెసేజ్ చూశానమ్మా, ఉప్పాడలో జాందానీ నేసేవాళ్ళ ఇళ్ళల్లో ఫొటోలు తీద్దామంటే కెమెరాతో వచ్చిన 18-55 కిట్ లెన్స్‌లో మగ్గం సగమే వస్తోంది, వెనక్కి జరుగుదామంటే వీపుకి గోడ తగులుతోంది, పదిహేను వేలు దాచాను ఏ వైడ్ లెన్స్ కొనను పెద్నాన్నా అని అడిగావు. చాలా సంతోషం వేసింది, ఎందుకంటే లెన్స్ కొన్నాక ఏం తీయాలా అని వెతుక్కునేవాళ్ళే ఎక్కువ, నీకు తీయాల్సింది ముందే ఉంది. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు లెక్క చూడు. నీ కెనాన్ 200డి కెమెరాలో సెన్సార్ చిన్నది, లెన్స్ మీద రాసిన ఎంఎం నంబర్‌ని (అది ఎంత తక్కువైతే అంత వెడల్పు పడుతుంది) 1.6తో గుణిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. నీ కిట్ లెన్స్ 18 అంటే ఫుల్ ఫ్రేమ్‌లో, అంటే పెద్ద సెన్సార్ కెమెరాలో, 29 లాంటిది, 10 అంటే 16 లాంటిది. మగ్గం లెక్కలో చెప్తా చూడు, ఎనిమిది అడుగుల దూరంలో నిలబడితే 18లో దాదాపు 10 అడుగుల వెడల్పు పడుతుంది, 12లో 15 అడుగులు, 10లో దగ్గర దగ్గర 18 అడుగులు. అంటే 10కీ 12కీ మధ్య రెండు ఎంఎంలే తేడా కానీ ఫ్రేమ్‌లో మూడడుగులు పోతుంది, అదే 16కీ 18కీ మధ్య అయితే ఒక్క అడుగే పోతుంది. ఈ చివర్లో ఒక్కో ఎంఎం చాలా ఖరీదైనది, అందుకే షాపువాడు రెండే ఎంఎం కదమ్మా ఏముంది అంటే వినకు.

అందుకే 24 ఎంఎం పాన్‌కేక్ (పల్చటి చిన్న లెన్స్) చవకగా దొరుకుతోందని తీసుకోకు, మంచి లెన్సే, కాదనను, కానీ నీ కెమెరా మీద అది 38 అవుతుంది, నీ గదిలో ఎందుకూ పనికిరాదు. 17-40 లాంటి ఫుల్ ఫ్రేమ్ లెన్సులు కూడా అంతే, రేపెప్పుడో ఫుల్ ఫ్రేమ్ కొంటానని ఇప్పుడు అంత డబ్బు పోస్తే ఇవాళ్టికి నీ చేతిలో 27 మాత్రమే ఉంటుంది, అంటే నీ కిట్ లెన్స్ కంటే ఒక్క అడుగు కూడా ఎక్కువ రాదు. ఇంక కిట్ లెన్స్ ముందు బిగించే 0.45ఎక్స్ కన్వర్టర్లు అమ్ముతారు, వాటి జోలికే వెళ్ళకు, మధ్యలో ఏదో పరవాలేదనిపించినా చుట్టూ మూలలన్నీ అలుక్కుపోతాయి.

నా మాట అడిగితే నువ్వు కొనాల్సింది కెనాన్ 10-18 ఎఫ్ 4.5-5.6 ఐఎస్ ఎస్‌టీఎం. ఎఫ్ నంబర్ ఎంత తక్కువైతే అంత వెలుగు లోపలికి వస్తుంది, ఐఎస్ అంటే చేతి వణుకుని ఆపే ఏర్పాటు (స్టెబిలైజేషన్), ఎస్‌టీఎం అంటే ఫోకస్ తిప్పే మోటార్ రకం. 2014లో వచ్చింది, బరువు 240 గ్రాములే, 67 ఎంఎం ఫిల్టర్లు పడతాయి, 22 సెంటీమీటర్ల దగ్గర నుంచి కూడా ఫోకస్ అవుతుంది. మౌంట్, అంటే కెమెరాకి బిగించే భాగం, ప్లాస్టిక్కే, దాని గురించి బెంగ పెట్టుకోకు, ఇంత తేలిక లెన్స్‌కి అది సరిపోతుంది. చాలామంది ఒక ఏడాది వాడి అమ్మేస్తారు కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో బాగానే దొరుకుతుంది, నీ డబ్బుల్లో వచ్చే మాటే.

టోకినా 11-16 ఎఫ్ 2.8 తీసుకోమని నీకు కచ్చితంగా ఎవరో ఒకరు చెప్తారు. 4.5 కంటే 2.8లో రెండున్నర రెట్ల వెలుగు లోపలికి వస్తుంది, చీకటి గదిలో అది మాటలు కాదు, రాత్రి ఆకాశం తీసేవాళ్ళకైతే నేనూ అదే చెప్తాను. కానీ అది అర కిలో దాటిన బరువు, స్టెబిలైజేషన్ లేదు, ఎదురు వెలుగు పడితే ఫ్లేర్, అంటే ఫొటోలో వెలుగు మరకలు, గట్టిగా వస్తుంది, నీ గదుల్లో ఎదురుగా కిటికీ ఎలాగూ ఉంటుంది. పైగా 10కి బదులు 11 దగ్గర ఆగిపోతావు. అందుకని నీకు వద్దంటున్నాను. సమ్యాంగ్ 14 కూడా చవకే, కానీ నీ కెమెరా మీద 22 అవుతుంది, ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి, అది తర్వాతెప్పుడైనా చూద్దాం.

మీ ఫ్రెండ్‌ది నికాన్ డి3200 అన్నావు కదా, తనకి ఒక్క ముక్క చెప్పు. నికాన్‌లో దీనికి జోడీ ఏఎఫ్-పీ 10-20, చాలా మంచి లెన్స్, కానీ డి3200 మీద దానికి ఆటోఫోకస్ పనిచెయ్యదు. టోకినా 11-16 నికాన్ మౌంట్ మొదటి మోడల్‌లో మోటార్ లేదు, తన బాడీలోనూ లేదు కాబట్టి అదీ పనిచెయ్యదు, రెండో వెర్షన్‌లో మోటార్ ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో ఇవి రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి, పేరు చివర II (రోమన్ అంకెల్లో రెండు) అని ఉందో లేదో చూసి తీసుకోమను.

ఇప్పుడు కొనే దగ్గర. నీ కెమెరా తీసుకుని వెళ్ళు, అది లేకుండా లెన్స్ చూసి లాభం లేదు. ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడు, సన్న దారాల్లాగా చెట్టు వేళ్ళ ఆకారంలో ఏమైనా కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించి ఇస్తానన్నా వద్దని లేచి వచ్చెయ్. మన కాకినాడ గాలికి ఫంగస్ త్వరగా పడుతుంది, అందుకే ఈ ఒక్క విషయంలో మొహమాటం పడొద్దు. ఒకటి రెండు దుమ్ము కణాలు ఉంటే ఉండనీ, ఫొటోలో కనిపించవు. ఊపితే లోపల చిన్నగా టకటకమంటుంది, అది ఐఎస్ గ్లాసు శబ్దం, అలాగే కెమెరాకి పెట్టకుండా ఫోకస్ రింగ్ తిప్పితే ఏమీ కదలదు, ఎస్‌టీఎం కదా కరెంటు ఉంటేనే కదులుతుంది, ఈ రెంటికీ కంగారు పడకు. ఎఫ్ 11లో పెట్టి రెండు సెకన్ల షట్టర్ కొట్టి ముందు నుంచి లోపలికి చూడు, బ్లేడ్లు చటుక్కున మూసుకుని మళ్ళీ తెరుచుకోవాలి, నూనె మెరుపు కనిపించకూడదు.

అసలు పరీక్ష గోడ దగ్గర. పోస్టర్లు ఉన్న గోడో, ఇటుకల గోడో చూసుకుని కెమెరా దానికి సమానంగా పట్టుకుని 10 దగ్గర ఎఫ్ 5.6లో ఒకటి, ఎఫ్ 8లో ఒకటి తియ్యి, తీసి నాలుగు మూలలూ జూమ్ చేసి చూడు. నాలుగూ మధ్య కంటే కొంచెం మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ స్వభావం, కానీ మూడు బాగుండి ఒక మూల మాత్రం మసకగా వచ్చిందంటే లోపల గ్లాసు పక్కకి జరిగింది, ఎప్పుడో కింద పడేశారన్నమాట. అమ్మేవాళ్ళు అది చెప్పరు, పైన గీత కూడా ఉండకపోవచ్చు, ఈ గోడ ఫొటో ఒక్కటే చెప్తుంది.

లెన్స్ వచ్చాక వెంటనే గది మొత్తం పట్టిందని మురిసిపోయి గుమ్మంలో నిలబడి తీసెయ్యకు తల్లీ, నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. వైడ్ లెన్స్ అన్నీ పట్టించడానికి అనుకుంటారు, అలా తీస్తే అన్నీ చిన్నగా, దూరంగా, ఎక్కడ చూడాలో తెలియకుండా వస్తాయి. అది దగ్గరికి వెళ్ళడానికి. పడుగు దారాలకి అడుగు దూరంలోకి వెళ్ళి, కిందకి కూర్చుని, దారాలు ఫ్రేమ్ అడుగు నుంచి మొదలై నేసేవాళ్ళ చేతుల దాకా సాగిపోయేట్టు పెట్టు, అప్పుడు వెనకాల గది, కిటికీ, గోడ మీద దేవుడి పటాలు వాటంతటవే వచ్చి చేరతాయి. జాందానీకి ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తున్నప్పుడు ఒకరిని అంచుకి నెట్టకు, అంచుల్లో మొహాలు పక్కకి సాగిపోతాయి, వాళ్ళు ఆ ఫొటో చూసుకుని బాధపడతారు. మనుషుల్ని మధ్య మూడో వంతులో ఉంచు, అంచుల్లో గోడలు, మగ్గం కొయ్యలు ఉండనీ. కెమెరా పైకీ కిందకీ వంచకుండా నిటారుగా పట్టుకో, వంచావంటే గుంజలన్నీ ఒరిగిపోతాయి. సామర్లకోట భీమేశ్వరుడి గుడి దగ్గర తీసినా ఇదే, గోపురం వెనక్కి పడిపోతున్నట్టు రాకుండా దూరం జరిగి నిటారుగా తీసి కింద నేల ఎక్కువైతే తర్వాత కత్తిరించుకో.

వెలుగు విషయం, ఐఎస్ నీ చేతి వణుకునే ఆపుతుంది, వాళ్ళ చేతుల కదలికని ఆపదు. షట్టర్ వేగం సెకనులో 1/125 వచ్చేదాకా ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) పెంచుకో, 1600, అవసరమైతే 3200, నీ కెమెరా తట్టుకుంటుంది, కొంచెం గ్రెయిన్ వచ్చినా పరవాలేదు. కావాలని చేతులు మసకగా రావాలంటే 1/15లో గోడకి ఆనుకుని తియ్యి, దారాలు నిలకడగా ఉండి చేతులు మాత్రమే కదులుతాయి, అది చాలా బాగుంటుంది. కెమెరా మీద ఉండే ఫ్లాష్ మాత్రం తెరవకు, 10 దగ్గర అది ఫ్రేమ్ అంతా అందదు, లెన్స్ నీడ అర్ధచంద్రంలా అడుగున పడుతుంది.

హుడ్, అంటే పక్క వెలుగు పడకుండా లెన్స్ ముందు పెట్టే తొడుగు, డబ్బాలో రాదు, విడిగా కొనుక్కోవాలి, ఈడబ్ల్యూ-73సీ అని అడుగు. మిగిలిన డబ్బుల్లో గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటర్ తీసుకో, తేమ 40-50 మధ్య ఉంచు. బీచ్‌లో లెన్స్ మార్చకు, ఇంటికి రాగానే ఉప్పు తేమ తుడిచి పెట్టు.

ఇంకో సంగతి, ఇప్పటికిప్పుడు ఎవరూ అమ్మకపోతే కంగారుపడి ఏదో ఒకటి కొనెయ్యకు. కెమెరా నిలువుగా పట్టుకుని 18లోనే పక్కపక్కన నాలుగైదు ఫొటోలు, ఒక్కోటి పక్కదాని మీద మూడో వంతు పడేట్టు తీసి కలుపుకుంటే గది మొత్తం వస్తుంది, కదిలే మనిషి లేనప్పుడు అది చాలు, అంతవరకు దాంతో నడిపించు. దొరికిన రోజు మాత్రం డబ్బులు ఇచ్చేముందు ఆ రెండు గోడ ఫొటోలు నాకు పంపు, సైజు తగ్గించకుండా డాక్యుమెంట్‌గా పంపు, నాలుగు మూలలూ నేనే చూసి అక్కడికక్కడే ఫోన్ చేసి చెప్తాను.

మీ పెద్నాన్న