కొవ్వొత్తి మధ్యలో గుంట ఎందుకు పడింది?

ప్రశ్న: మా పాపకి 7 ఏళ్ళు, బాబుకి 4. సెలవులు కదా అని మిగిలిపోయిన కొవ్వొత్తి ముక్కలన్నీ కరిగించి పేపర్ కప్పుల్లో పోశాం. పొద్దున చూస్తే అన్నిటికీ మధ్యలో గుంట. వెలిగిస్తే ఒకటి నిమిషంలో ఆరిపోయింది, ఇంకోటి ఒకటే పొగ. పాప ఏడుపు, పైగా చిన్నపిల్లల చేత నిప్పుతో పనులేంటని మా అత్తగారు కేకలు. ఎక్కడ తప్పు చేశానండీ?

జవాబు: ముందు మీ అత్తగారి సంగతి. ఆవిడ మాటలో సగం నిజం ఉంది, ఒప్పేసుకోండి. కరిగిన మైనం ఒంటి మీద పడితే నీళ్ళలాగా జారిపోదు, అక్కడే అతుక్కుని కాలుస్తూ ఉంటుంది, అందుకని కరిగించడం పొయ్యడం రెండూ మీవే, ఆ కాసేపూ పిల్లలు స్టవ్ దరిదాపుల్లోకి రాకూడదు. మిగతాదంతా వాళ్ళకి వదిలెయ్యండి, వంకరగా వచ్చినా సరే.

గిన్నె నేరుగా మంట మీద పెట్టారో లేదో మీరు రాయలేదు, పెట్టుంటే మాత్రం ఇకమీద వద్దు. పెద్ద గిన్నెలో నీళ్ళు కాగుతుంటే అందులో చిన్న గిన్నె పెట్టి కరిగించండి. కొవ్వొత్తుల్లో వాడే పారాఫిన్ మైనం ఇంచుమించు 50 నుంచి 65 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది, నీళ్ళేమో 100 దాటవు, కాబట్టి మైనం కూడా అంతకి మించి వేడెక్కదు. నేరుగా మంట మీదయితే చూడ్డానికి ప్రశాంతంగానే ఉంటుంది గానీ నూనెలాగే లోలోపల కాగిపోయి 200 డిగ్రీల చుట్టుపక్కలకి వెళ్ళేసరికి దాని ఆవిరి అంటుకుంటుంది. ఒకవేళ అంటుకుంటే నీళ్ళు అస్సలు పొయ్యకండి, మంట ఇంతెత్తున లేస్తుంది, స్టవ్ ఆపేసి మూత పెట్టెయ్యడమే. ఆ మూత మొదటి నుంచీ పక్కనే ఉండాలి, అప్పుడు వెతుక్కుంటూ కూర్చుంటే కుదరదు.

ఇక గుంట, అది మీ తప్పు కాదు. చల్లారేటప్పుడు మైనం కుంచించుకుపోతుంది, అంచులు ముందు గట్టిపడతాయి, మధ్యలోది ఆఖర్న గడ్డకడుతూ లోపలికి దిగిపోతుంది. కాస్త మైనం దాచి ఉంచుకోండి, పైన మందంగా పొర కట్టాక వత్తి చుట్టూ పుల్లతో రెండు మూడు చోట్ల గుచ్చి (లోపల ఖాళీలుంటాయి) దాచింది మళ్ళీ వేడిచేసి నింపండి.

ఆరిపోయినదానికీ పొగ వచ్చినదానికీ కారణం చాలావరకు వత్తే. సన్నగా ఉంటే చుట్టూ కరిగిన మైనంలో మునిగిపోతుంది, లావుగానో పొడుగ్గానో ఉంటే మైనం ఎక్కువ లాగేసి పొగ కక్కుతుంది. నూలు దారమే వాడాలి, నైలాన్‌లాంటివి కరిగిపోతాయి. మూడు పోగులు తీసుకుని జడ అల్లమనండి, 7 ఏళ్ళ పిల్లకి ఇది భలే పని. అల్లింది మీరు మైనంలో ముంచి తీసి, నిటారుగా లాగి ఆరబెట్టాలి. వెలిగించే ముందు పైన 6 మిల్లీమీటర్లు ఉంచి కత్తిరించెయ్యండి, తర్వాత కొడి కట్టినప్పుడల్లా కూడా, ఆర్పి చల్లారాక. రంగు కోసం క్రేయాన్లు గానీ వేశారా? ఆ రంగుపొడి వత్తికి అడ్డం పడి మైనం పైకి ఎక్కనివ్వదు. తిండిలో వేసే రంగులు నీళ్ళలో కలిసేవి కాబట్టి మైనంలో కలవనే కలవవు. కొవ్వొత్తుల రంగులే తెచ్చుకోండి.

మీ చిన్నాడికైతే తేనెమైనం షీట్లు ఇవ్వండి, నా ఓటు దానికే. స్టవ్ అక్కర్లేదు, చేతుల వేడికే మెత్తబడుతుంది, అంచున వత్తి పెట్టి చాపలాగా చుట్టెయ్యడమే. బిగుతుగా చుట్టమనండి, వదులైతే గబగబా కాలిపోతుంది.

అన్నట్టు, మిగిలిన మైనం సింకులో పొయ్యకండి, పైపులో గడ్డకట్టి కూర్చుంటుంది.

ప్రశ్న: మావాడికి 11. వత్తిని ముంచి తీసి ముంచి తీసి చేసే కొవ్వొత్తి మొదలుపెట్టాం, నాలుగైదు సార్లయ్యాక లావవ్వడం మానేసి సన్నబడుతోంది, ఏంటిది?

జవాబు: లోపల ఎక్కువసేపు ఉంచుతున్నారు, లేదంటే మైనం బాగా కాగిపోయింది. కొత్త పొర పట్టడం అటుంచి పాత పొరలే కరిగి గిన్నెలోకి పోతున్నాయి. మైనం 70 డిగ్రీల దగ్గర ఉండనిచ్చి, టక్కున ముంచి టక్కున తియ్యాలి, చల్లారేదాకా ఆగాలి. తొందరైతే చన్నీళ్ళలో ముంచొచ్చు గానీ ప్రతిసారీ తడి తుడవాలి, చుక్క లోపల ఉండిపోతే వెలిగించినప్పుడు చిటపటలాడుతుంది. 20, 30 సార్లయినా ముంచాలండీ, మీవాడు 10 కే విసుక్కుంటాడేమో, ఇద్దరు ముగ్గుర్ని పిలవండి, ఒకరిది చల్లారేలోపు ఇంకొకరు.

ప్రశ్న: కొవ్వొత్తిలో కాలేది దారమా, మైనమా? (ఇది మా అబ్బాయి అడగమన్నాడు)

జవాబు: దారం కాస్త కాలుతుంది గానీ అసలు మండేది మైనం ఆవిరి. కరిగిన మైనం వత్తి పట్టుకుని పైకి పాకి, మంట వేడికి ఆవిరై మండుతుంది. గాలి ఆడనిచోట కొవ్వొత్తిని మెల్లిగా ఊది ఆర్పి, లేచే తెల్లపొగకి వెంటనే మీరు అగ్గిపుల్ల చూపించండి, వత్తిని తాకకుండానే మంట పొగ వెంబడి దిగి అంటుకుంటుంది. 1860లో లండన్‌లో మైకేల్ ఫారడే అనే శాస్త్రవేత్త పిల్లలకి కొవ్వొత్తి గురించి పాఠాలు చెబుతూ ఇదే చేసి చూపించాడు. మొదటిసారే రాకపోతే ఆలస్యం చేశారన్నమాట, పుల్ల ముందే వెలిగించి పట్టుకుని ఆ తర్వాత ఊదండి.