పాఠకుల ప్రశ్నలు: సీటు కవరు సరిగ్గా అమరిందని ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మా కారు మోడల్ కొలతలకే కుట్టిన సీటు కవర్లు తెప్పించి మేమే వేసుకున్నాం. ముందు సీట్ల మీద ముడతలు పోవడం లేదు. పైగా డ్రైవర్ పక్క సీటు ఖాళీగా ఉన్నా బెల్టు పెట్టుకోమని అలారం మోగుతోంది. వీటిని తిప్పి పంపడమే మంచిదా?

జవాబు: ముడతల కంటే ముందు అలారం సంగతి చూడండి. ఆ సీటు కుషన్‌లో మనిషి కూర్చున్నదీ లేనిదీ బరువును బట్టి గుర్తించే సెన్సర్ చాలా కార్లలో ఉంటుంది. కవరును గట్టిగా లాగి కింద హుక్కులు తగిలించినప్పుడు ఆ బిగువు సెన్సర్‌ను నొక్కుతూ ఉంటే, ఎవరో కూర్చున్నారని కారు భ్రమపడుతుంది. కింది పట్టీలను ఒక్కొక్కటిగా వదులు చేసి చూడండి. కవరు పూర్తిగా తీసేసినా మోగుతుంటే, హుక్కులు పెట్టేటప్పుడు ఏదైనా వైరు కదిలిందేమో సర్వీస్ సెంటర్‌లో చూపించండి. సీటు కింద కనిపించే పసుపు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి కాబట్టి వాటి జోలికి పోవద్దు. హుక్కులను ఇనుప చట్రానికి తప్ప వైర్లకు తగిలించకూడదు.

మీరు అడగకపోయినా చెప్పవలసినది మరొకటి ఉంది. ముందు సీటు వీపు భాగానికి తలుపు వైపున ఎస్‌ఆర్‌ఎస్ ఎయిర్‌బ్యాగ్ అన్న చిన్న లేబుల్ ఉంటే, ప్రమాదంలో అక్కడినుంచే పక్క ఎయిర్‌బ్యాగ్ చీల్చుకుని రావాలి. ఆ వైపు కవరు తెరిచి ఉండాలి, లేదా సులువుగా తెగే దారంతో ప్రత్యేకంగా కుట్టి ఉండాలి. ఒకే మోడల్‌లో చవక వేరియంట్‌కు పక్క ఎయిర్‌బ్యాగ్‌లు ఉండకపోవచ్చు కాబట్టి, దాని కోసం కుట్టిన కవరు మీ సీటుకు చక్కగా పట్టినా పనికిరాదు. మీ వేరియంట్, తయారీ సంవత్సరం పేర్కొంటూ అమ్మినవారి నుంచి రాతపూర్వకంగా హామీ తీసుకోండి. అది రాకపోతే తిప్పి పంపడానికి ఆ ఒక్క కారణం చాలు.

ఇక ముడతల్లో రెండు రకాలున్నాయి. పెట్టెలో మడిచి ఉంచడం వల్ల పడిన గీతలు తిన్నగా ఉంటాయి. కాసేపు ఎండ తగిలితే లెదరెట్ (తోలులా కనిపించే కృత్రిమ గుడ్డ) మెత్తబడి, కొద్ది రోజుల వాడకంలో అవి సర్దుకుంటాయి. కవరు సీటుకు అంటుకోకపోవడం వల్ల పడే రెండో రకాన్ని గుర్తించాలంటే కుషన్ మధ్య గాడి దగ్గర కవరును రెండు వేళ్లతో పట్టి పైకి లాగండి. అసలు సీటు గుడ్డను ఆ గాడిలో లోపలి తీగకు బిగించి ఉంటారు. మామూలు కవరుకు ఆ ఆధారం ఉండదు కాబట్టి గాడి మీద వంతెనలా నిలిచి, కూర్చున్న ప్రతిసారీ జరుగుతుంది. మంచి కవరుకు గాడిలోకి దిగే పట్టీ ఉంటుంది. మీ కవరుకు పట్టీ ఉండీ పైన తేలుతుంటే, తల దిండు తీసి, పైనుంచి కిందికి గాడులు కలుపుకుంటూ మళ్లీ వేయండి. పట్టీయే లేకపోతే ఎంత లాగినా ప్రయోజనం లేదు.

వెనుక సీటును మడిచి, పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు, బెల్టు బకిళ్లు చేతికి సులువుగా అందుతున్నాయో లేదో కూడా చూడండి.

ప్రశ్న: లోపల మందమైన ఫోమ్ ఉన్న కవర్లు మేలా?

జవాబు: మెత్తదనం కోసమైతే నేను తీసుకోను. కూర్చునే ఎత్తు మారి అద్దాలు మళ్లీ సరిచేసుకోవాలి; గాలి వీచే సీట్లయితే చిల్లులున్న కవరు వేసినా ఫోమ్ ఆ గాలిని చాలావరకు ఆపేస్తుంది.