బొమ్మ చెప్పాక నువ్వు చెప్పకు

చిరంజీవి అమ్మాయికి,

నీ బొమ్మల కథ అందింది. ఆరో పేజీ దగ్గర ఆగిపోయాను. మగ్గం అమ్మేశాక, దాని కింద మిగిలిన ఖాళీ గుంటలోకి కాళ్లు వేలాడేసి కూర్చున్న తాతయ్య. వంగిన ఆ వీపును అంత బాగా గీసి, పైన పెట్టె కట్టి ‘తాతయ్య మనసంతా శూన్యమైపోయింది’ అని ఎందుకు రాశావమ్మా? ఒళ్లు మండింది.

బొమ్మల కథలో సగం పని రెండు ప్యానెళ్ల మధ్య, అంటే రెండు బొమ్మల గళ్ల మధ్య, తెల్లటి సందులో జరుగుతుంది. ఆ పని పాఠకుడిది, లాక్కోకు. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పం ఒకటుంది, గుండ్రటి పలక. ఒకచోట నలగిరి ఏనుగు మదమెక్కి జనం మీద పడుతుంది, పక్కనే అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. మధ్యలో గీత కూడా లేదు. ఆ మదం ఎలా దిగిందో శిల్పి చెక్కలేదు, చూసేవాడి కన్నే ఆ దూరం నడుస్తుంది.

బట్ట మీద కథంతా బొమ్మలుగా వేసే చేర్యాల పటం పక్కన కథ చెప్పేవాళ్లు ఉంటారు కదా అంటావేమో. ఉంటారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు పటం విప్పి పాడతారు. కానీ ‘ఇదిగో రాజు, ఇదిగో గుర్రం’ అని చెప్పి ఊరుకుంటే ఎవరు కూర్చుంటారు? బొమ్మలో పట్టని ఏడుపు, వంశం, వేళాకోళం వాళ్ల గొంతులో ఉంటాయి. నీ పెట్టెలో ఉన్నది మాత్రం బొమ్మలో అప్పటికే ఉంది.

ఈ రోగం సంపాదకులు అంటించిందే. ఒక వారపత్రికకు నాలుగు ప్యానెళ్ల కథ ఇచ్చాను. మూడో దాంట్లో ఉత్త వాకిలి, మనిషి లేడు, మాట లేదు. సంపాదకుడుగారు అందులో ‘మరునాడు ఉదయం’ అని అచ్చు వేయించి, పారితోషికం మూడు బొమ్మలకే ఇచ్చారు. వాకిట్లో బొమ్మేదీ లేదట! ఆయన పోయాడు, ఆ బుద్ధి పోలేదు. ఇప్పుడు కుర్రాళ్లంతా జపాన్ కామిక్సు చూసి పెద్ద పెద్ద కళ్లు గీస్తున్నారు. పేజీలకు పేజీలు మాట లేకుండా కథ నడిపే వాళ్ల తెగువ మాత్రం ఎవరికీ అంటలేదు.

నీ మిగతా ప్రశ్నలు తర్వాత చూద్దాం. ముందు ఆ పెట్టె చెరిపి, తాతయ్యను ఇంకాస్త పక్కకు జరిపి, గుంటకు చోటు పెంచు. మళ్లీ గీసి పోస్టులో పంపు. ఫోనులో నీ గీతలు నాకు సరిగ్గా ఆనవు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు