అమ్మలూ, ఫీజు కట్టేముందు బూత్‌లు లెక్కపెట్టు

అమ్మలూ, నువ్వు కమ్యూనిటీ కాలేజీలో వెల్డింగ్ చేరతానంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే కంగారు, నాకైతే భలే సంతోషమేసింది. ఈ అమెరికాలో ఇన్నేళ్ళు ఆ హెల్మెట్ కిందే బతికా కాబట్టి తెలిసింది రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

వెబ్‌సైట్ చూసి డిసైడ్ అవ్వకు, ఒకరోజు కాలేజీ వెల్డింగ్ షాప్‌కి వెళ్ళు. ఒక్కొక్కరు నిలబడి వెల్డింగ్ చేసే బూత్‌లు ఎన్ని, స్టూడెంట్లు ఎందరు, క్లాసు లేనప్పుడు కూడా తెరిచి ఉంచుతారా, ప్లేట్లు రాడ్లు పొదుపుగా ఇస్తారా అన్నీ అడుగు. ఒక్క బూత్‌కి ముగ్గురు వంతులేసుకునే చోట సర్టిఫికెట్ వస్తది గానీ చెయ్యి తిరగదు. డబ్బుకి ఫాఫ్సా ఫారం, అదే గవర్నమెంట్ చదువు సాయానికి పెట్టే దరఖాస్తు, నింపు, అర్హత ఉంటే పెల్ గ్రాంట్ అనే సాయం వస్తుంది, అది తిరిగి కట్టక్కర్లేదు.

మిగ్, అంటే గన్‌లోంచి తీగ దానంతటదే వచ్చే వెల్డింగ్, తొందరగా వచ్చేస్తుంది కదా అని దానికే అతుక్కుపోకు, ముందు రాడ్ పట్టుకుని చేసే స్టిక్‌తో కుస్తీ పట్టు. 7018 అనే రకం రాడ్‌లో 70 అంటే 70,000 పీఎస్ఐ, అదే చదరపు అంగుళానికి అన్ని పౌండ్ల లాగుడు తట్టుకునే బలం, కానీ అది తేమ తాగిందంటే వెల్డ్‌లోకి హైడ్రోజన్ చేరి తర్వాతెప్పుడో పగులుతుంది, అందుకే దాన్ని వేడి ఓవెన్‌లో ఉంచుతారు. చూపు మెరుపు మీద కాదు, కరిగిన మడుగు మీద ఉండాలి, దాని అంచులు రెండు ప్లేట్లనీ పట్టుకుంటున్నాయా లేదా అదే చూడు.

నా మొదటి బెండ్ టెస్టు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. పైకి వెల్డ్ నున్నగా ఉంది, ముక్క కోసి యూ ఆకారంలో వంచేసరికి రూట్ దగ్గర, అంటే వెల్డ్ అడుగున, నోరు తెరిచింది, లోపల స్లాగ్, అదే రాడ్ పూత కరిగి మిగిలే చిట్టెం, ఇరుక్కుపోయింది. ఉక్కు కట్టడాల వెల్డింగ్‌కి ఇక్కడ వాడే డీ1.1 కోడ్ ప్రకారం ఒక్క లోపం 3 మిల్లీమీటర్లు దాటినా ఫెయిలే. పాస్‌కీ పాస్‌కీ మధ్య, అంటే ఒక వరస వేశాక ఇంకో వరస వేసేముందు, శుభ్రం చెయ్యకుండా పైన వేసేశా, అంతే. నువ్వు మాత్రం బ్రష్షు, గ్రైండర్ చేతికి దగ్గర్లోనే పెట్టుకో.

ఉద్యోగాలంటావా, 2023 మే నాటి గవర్నమెంట్ లెక్కలో వెల్డర్ల మధ్యస్థ జీతం ఏడాదికి 48,940 డాలర్లు, అంటే సగం మందికి అంతకన్నా ఎక్కువే. జీతంలో పైన ఉండేది ఎక్కువగా పైపు వెల్డింగ్ వాళ్ళే, వాళ్ళకి పెట్టే 6జీ అనే టెస్టులో పైపుని 45 డిగ్రీల వాలులో బిగించేస్తారు, తిప్పకూడదు, చుట్టూ నువ్వే తిరగాలి. ఆ పనికి ఊళ్ళు తిరగాలి, ఇల్లు వదిలి నెలలు ఉండాలి, అది ముందే ఆలోచించుకో. వయసు మీదపడ్డాక నడుము ఒప్పుకోకపోతే సీడబ్ల్యూఐ, అంటే వెల్డ్‌లు తనిఖీ చేసే సర్టిఫైడ్ ఇన్‌స్పెక్టర్, దారి ఉంది, దానికి అనుభవం లెక్కలోకొస్తుంది కాబట్టి ఎక్కడ ఎన్నాళ్ళు చేశావో మొదటిరోజు నుంచే కాగితాలు దాచుకో.

పొగ విషయంలో మాత్రం ఎవరన్నా మొహమాటపడకు తల్లీ. వెల్డింగ్ పొగ క్యాన్సర్ తెస్తుందని 2017లోనే డబ్ల్యూహెచ్ఓ క్యాన్సర్ సంస్థ తేల్చేసింది. గాల్వనైజ్డ్ ఇనుము మీద జింక్ పూత గీకేసి పనిచెయ్, లేకపోతే రాత్రికి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతావు. గ్లౌజులు కూడా నీ చేతికి సరిపోయే చిన్న సైజువే కొనుక్కో, వదులువి వేసుకుంటే రాడ్ అదుపులో ఉండదు.

షాప్ చూడ్డానికి వెళ్ళినప్పుడు బూత్‌ల పైన పొగ లాగే గొట్టాలు ఉన్నాయేమో ఫొటో తీసి పంపు, చూసి ఫోన్ చేస్తా.

మీ మావయ్య