యాక్టివిటీ సెంటర్ ప్లానుపై కౌన్సిల్‌కు రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

మీ స్టేషన్ పక్కనున్న యాక్టివిటీ సెంటర్‌కు, అంటే దుకాణాలు, ఆఫీసులు, ఇళ్లు కలిసి ఉండే ఆ కేంద్రానికి, కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) కొత్త ప్లాను వేస్తోందనీ, దానిమీద రాయాలని ఉందనీ ఫోనులో అన్నావు. తప్పక రాయి. పౌరసత్వం ఇంకా రాలేదని వెనకాడకు. ఆస్ట్రేలియాలోని మీ విక్టోరియా రాష్ట్రంలో 1987 నాటి ప్లానింగ్ చట్టం కింద, ప్లానింగ్ స్కీమ్‌కు, అంటే ఏ స్థలంలో ఏం కట్టవచ్చో చెప్పే నిబంధనలకు, ప్రజల ముందు పెట్టిన సవరణ మీద ఎవరైనా సబ్మిషన్ (రాతపూర్వక అభిప్రాయం) పంపవచ్చు. అద్దెకున్నవారైనా, చిన్న కొట్టు నడుపుకునేవారైనా సరే.

ముందుగా నీ చేతికొచ్చిన కాగితం ఏ దశలోదో చూడు. స్ట్రక్చర్ ప్లాన్ (ఆ కేంద్రం ముందుముందు ఎలా ఉండాలో చెప్పే మొత్తం ప్లాను) ముసాయిదా అయితే మార్పించడం తేలిక. ప్లానింగ్ స్కీమ్ సవరణ అయితే సాధారణంగా కనీసం నెల గడువు ఉంటుంది. నువ్వు కోరిన మార్పుకు కౌన్సిల్ ఒప్పుకోకపోతే విషయాన్ని స్వతంత్ర ప్యానెల్‌కు పంపాలి, లేదా సవరణనే వదులుకోవాలి. ఇక ఒక్క భవనానికి పర్మిట్ నోటీసు అయితే, పెద్ద నిర్ణయాలు అప్పటికే అయిపోయాయన్నమాట. మనవాళ్లలో చాలామందికి క్రేన్ కనబడితేగాని మెలకువ రాదు. ఇంకో సంగతి: మెల్‌బోర్న్‌లో బ్రాడ్‌మెడోస్, ఎపింగ్, ఫ్రాంక్‌స్టన్, రింగ్‌వుడ్ వంటి పది కేంద్రాల ప్లానింగును 2023లో రాష్ట్ర ప్రభుత్వమే చేపట్టింది. అలాంటి చోట కౌన్సిల్‌ను తిట్టి ప్రయోజనం లేదు. నోటీసు ఎవరి పేరుతో వచ్చిందో చూసుకో.

పత్రమంతా చదవక్కర్లేదు. పటాలు, ఎత్తుల పట్టిక, ఏ జోన్‌లో ఏది అనుమతిస్తారో చెప్పే పట్టిక చాలు. ఆ పట్టికకు అంగడి ఎవరిదో తెలియదు. కమర్షియల్ 1 అనే వ్యాపార జోన్‌లో దుకాణం అంటే దుకాణమే, అందులో కారప్పొడి అమ్మినా చెప్పులు అమ్మినా ఒకటే. కాబట్టి 'మాకు ఇడ్లీ హోటల్ కావాలి' అని రాస్తే చదివినవారు నవ్వి ఊరుకుంటారు. 'కొత్త సూపర్‌మార్కెట్ వస్తే నా వ్యాపారం పోతుంది' అన్నా నిలవదు. కొట్టుకూ కొట్టుకూ మధ్య పోటీ ప్లానింగ్ విషయం కాదు. మొత్తం వీధే ఖాళీ అయిపోతుందని చూపగలిగితే మాత్రం వింటారు. ఇంటి ధర పడిపోతుందన్న వాదనకు అసలు విలువ లేదు.

మరి ఏం అడగాలి? వీధి వైపు చిన్న చిన్న కొట్లకు చోటుండాలని, పెద్ద దుకాణం గుడ్డిగోడ కాలిబాట పొడవునా రాకూడదని అడుగు. స్టేషన్ నుంచి లైబ్రరీ దాకా నడకదారి, దానికి దీపాలు, చెట్ల నీడ అడుగు. సామాను లారీలు ఏ వైపు నుంచి వస్తాయో అడుగు. నువ్వు వారాంతాల్లో పిల్లలకు కూచిపూడి నేర్పడానికి బడి హాలు కోసం తిరుగుతున్నావు కదా, కొత్త కేంద్రంలో అద్దెకిచ్చే సామాజిక హాలు ఎంత వైశాల్యంలో పెడతారో అడుగు. పటంలో పచ్చరంగు పూసినంత మాత్రాన పార్కు రాదు. డబ్బు ఎవరిస్తారు, బిల్డర్ల దగ్గర వసూలు చేసే అభివృద్ధి రుసుముల్లో అది ఉందా, ఏ దశలో కడతారు అన్నవి సూటిగా అడుగు. పార్కింగ్ ఎక్కువ కావాలని మనవాళ్లు ప్రతిసారీ రాస్తారు. నేనైతే రాయను. స్టేషన్ పక్కన కార్లకు ఇచ్చిన ప్రతి గజమూ కొట్లకూ నడిచేవారికీ తగ్గుతుంది.

వాట్సాప్‌లో తిరిగే ఉత్తరం కింద సంతకం పెట్టి పంపకు. వందమంది ఒకే మాట పంపితే అధికారులు దాన్ని ఒకే అంశంగా లెక్క వేస్తారు. నీ రెండు పేజీలు అంతకన్నా పనిచేస్తాయి. ఏ పేజీ, ఏ పటం, అక్కడ ఏముంది, దాని బదులు ఏముండాలి, ఎందుకు. రాత్రి రైలు దిగి పిల్లతో నువ్వు నడిచే దారి ఏ అధికారికీ నీ అంత తెలియదు. సబ్మిషన్‌లు ఇతరులు చూసే వీలుంటుంది, అందుకని పక్కింటివారి మీద కోపం అందులో పెట్టకు.

ప్యానెల్ దాకా వెళితే మాట్లాడతానని చెప్పు. అది కోర్టు కాదు, లాయరు అక్కర్లేదు. ప్యానెల్ సిఫారసు మాత్రమే చేస్తుంది, సాధారణంగా చివరి ఆమోదం రాష్ట్ర ప్లానింగ్ మంత్రిది. అయినా ప్యానెల్ సిఫారసుల్లో నీ మాట ఎక్కితే, ఆపైన దాన్ని కాదనాలంటే కౌన్సిల్ కారణం చెప్పుకోవాల్సి వస్తుంది.

రాసింది గడువుకు వారం ముందే నాకు పంపు. పేజీ నంబర్లు వేయడం మరచిపోకు.

మీ మామయ్య